ఎవరి చేతిపని? ఎవరి కానుక?

మొన్నటి సంక్రాంతి సమావేశంలో భోజనాల దగ్గర మన సంఘం పెద్దలొకరు మమ్మల్ని పలకరించి, "ఏమమ్మా డాక్టరమ్మా, క్రిస్మస్‌కి మీ వార్డులో వాళ్ళందరికీ చేత్తో చేసిన కానుకలు పంచారటగా! మన పండగలకు రమ్మంటే తీరిక లేదంటారు. పరాయి పండక్కి అంత తీరిక ఎక్కణ్ణించి వచ్చింది?" అన్నారు. ఆయన వేళాకోళానికే అన్నారు. చుట్టూ ఉన్నవారు నవ్వారు, మేమూ నవ్వాము. కాని జవాబు చెప్పబోయి ఆగిపోయాము. తీరిక సంగతి అటుంచి, ఆ కానుకలు "మేము చేసినవి" అనవచ్చునా అన్న విషయమే మా ఇంట్లో అప్పటికి తేలలేదు. దాని మీద మా ఇంట్లో చిన్న తగాదా కూడా జరిగింది. పత్రికకు ఏదైనా రాయమని కార్యదర్శి గారు చాలాకాలంగా అడుగుతున్నారు గనుక, ఆనాడు పెద్దాయనకు చెప్పలేకపోయిన జవాబు ఇక్కడ రాస్తున్నాము. కాస్త పెద్దదయింది. పాఠకులు మన్నించాలి.

మాది నరసాపురం పక్కన ఒక పల్లెటూరు. మా అమ్మ లేసు అల్లేది. పశ్చిమ గోదావరి జిల్లా వారికి ఇంతకన్నా చెప్పనక్కరలేదు. మిగతా ప్రాంతాల వారి కోసం రెండు ముక్కలు చెబుతాము. 19వ శతాబ్దంలో మిషనరీలు ఆ ప్రాంతపు ఆడవాళ్ళకు కొక్కెం సూదితో లేసు అల్లడం నేర్పారు. అది వ్యాపారమై, ఇంటింటి పనై, విదేశాలకు ఎగుమతి అయ్యే సరుకైంది. ఏజెంటు నూలు తూచి ఇచ్చి, నమూనా చూపించి పోతాడు. ఆడవాళ్ళు ఇంటిపని అయ్యాక అరుగుల మీద చేరి పువ్వులు అల్లుతారు. దీన్ని చేతిపని అంటారు. ఆ పువ్వులన్నీ కలిపి గుడ్డగా అతికేవాళ్ళు వేరే ఉంటారు. అది అతుకుపని. అతికిన గుడ్డ ఉతికించి, ఇస్త్రీ చేయించి షావుకారు ఓడ ఎక్కిస్తాడు. పువ్వు అల్లినామెకు ఆ గుడ్డ ఏ దేశంలో ఏ బల్ల మీద పరిచారో తెలియదు. బల్ల మీద పరిచినామెకు పువ్వు అల్లిందెవరో తెలియదు.

మా అమ్మది చేతిపని. మధ్యాహ్నం అన్నాలయ్యాక మొదలుపెడితే దీపాలు పెట్టేదాకా, ఆ తరవాత బల్బు కింద మళ్ళీ కాసేపు అల్లేది. మమ్మల్ని మాత్రం కొక్కెం ముట్టుకోనిచ్చేది కాదు. ఒకసారి దొంగతనంగా నాలుగు గొలుసులు అల్లి చూపిస్తే మెచ్చుకుంటుందనుకున్నాము. చేతిలోంచి లాక్కుని, "ఇది వేళ్ళకి పట్టిందంటే వదలదు. నువ్వు పుస్తకం పట్టుకో" అంది. పుస్తకమే పట్టుకున్నాము. కాకినాడలో వైద్యం చదివినన్నాళ్ళూ హాస్టలు మెస్సు బిల్లు కట్టవలసిన నాటికి అమ్మ దగ్గరనుంచి డబ్బు వచ్చేది. అది ఎన్ని పువ్వుల డబ్బో ఆ వయసులో లెక్క వేసుకోలేదు.

అమ్మ పోయి మూడేళ్ళు దాటింది. కబురు తెలిసి, సెలవు అడిగి, విమానం దొరికించుకుని ఊరు చేరేసరికి దహనం అయిపోయింది. పరాయి దేశంలో ఉన్న మనలో ఎంతోమందికి జరిగినదే ఇది. తిరుగు ప్రయాణం నాడు మా పిన్ని ఒక పాత బిస్కట్ల డబ్బా తెచ్చి చేతిలో పెట్టింది. అమ్మ కుట్టు డబ్బా. అందులో మూడు కొక్కేలు, సగం సగం వాడిన నూలు ఉండలు, గుడ్డపేలికకు గుచ్చిన సూదులు, నాన్నగారి చొక్కాల నుంచి కత్తిరించి దాచిన గుండీలు, జాకెట్టు హుక్కులు, మిగిలిపోయిన జాకెట్టు గుడ్డలు ఉన్నాయి. వాటి అడుగున దారంతో మూతి కట్టిన ప్లాస్టిక్ సంచి ఒకటి ఉంది. విప్పి చూస్తే లేసు పువ్వులు. లెక్క పెడితే 64.

ఆ పువ్వుల కథ పిన్ని చెప్పింది. ఏదో ఆర్డరు పోయిందని చెప్పి ఏజెంటు మళ్ళీ ఆ వీధికి రాలేదట. అమ్మ రెండుసార్లు కబురు పెట్టి ఊరుకుందట. కూలి ముట్టలేదు. "పారెయ్యడానికి మనసొప్పక మూట కట్టి ఉంచింది" అంది పిన్ని.

మా పాపకు ఇప్పుడు ఏడేళ్ళు. మేముండేది ఉత్తర ఇంగ్లండులో లాంకషైరు జిల్లాలోని ఒక చిన్న ఊళ్ళో. డిసెంబరు వస్తే వార్డులో ఒకరికొకరు చిన్న చిన్న కానుకలు ఇచ్చుకోవడం ఇక్కడి ఆనవాయితీ. ఏటా మేము చాక్లెట్ల డబ్బాలు కొని అందరికీ ఒకే రకంగా పంచేవాళ్ళం. పోయిన డిసెంబరులో ఏదో వెతుకుతూ పాప అలమారలోంచి అమ్మమ్మ డబ్బా తీసింది. మూట విప్పి పువ్వులు చూసి, "అమ్మా, మంచు పువ్వులు!" అని గంతులు వేసింది. బడిలో కాగితాలు మడిచి మంచు రేకులు కత్తిరించడం నేర్పారట. నిజమే, ఆరు రేకుల తెల్లని ఆ పువ్వులు అచ్చం మంచు రేకుల్లాగే ఉన్నాయి. క్రిస్మస్ చెట్టుకు వేలాడదీసే అలంకారాలకు ఇంతకన్నా ఏం కావాలి?

లేసు మెత్తనిది. నిలబడాలంటే గంజి పెట్టాలి. మా అమ్మ చీరలకు పెట్టే గంజే పెట్టాము. మొదటి నాలుగు పువ్వులు చెడిపోయాయి. గంజి చిక్కనైపోయి, కన్నాలు పూడుకుపోయి, ఎండాక అట్టుముక్కల్లా తయారయ్యాయి. తరవాత గంజి పలచన చేసి, ముంచి, గట్టిగా పిండి, ప్లాస్టిక్ కాగితం చుట్టిన అట్టమీద రేకు రేకుకూ గుండుసూది గుచ్చి సాగదీసి, రాత్రంతా హీటరు పక్కన ఆరబెట్టాము. తెల్లారేసరికి గాజుపలకల్లా నిలబడ్డాయి. జాకెట్టు గుడ్డలతో చిన్న చిన్న సంచులు కుట్టి, నాన్నగారి గుండీ ఒకటి పెట్టి, ఒక్కొక్క సంచిలో మూడేసి పువ్వులు ఉంచాలని అనుకున్నాము. సంచులు కుట్టడం దగ్గర మా డాక్టరు చదువు ఎందుకూ పనికిరాలేదు. చర్మం కుట్టేటప్పుడు వంపు సూదిని పట్టకారుతో పట్టి, ఒక్కొక్క కుట్టూ విడిగా ముడివేస్తాము. గుడ్డ మీద అలా వేస్తే ముడతలు పడింది. మా వారు హాస్టల్లో గుండీలు కుట్టుకున్న అనుభవంతో మాకంటే చక్కగా కుట్టారు.

తగాదా చీటీల దగ్గర వచ్చింది. ప్రతి సంచికీ ఒక చిన్న చీటీ కట్టాలి గదా. "మా ఇంట్లో, మా చేతులతో చేసినవి" అని ఇంగ్లీషులో రాస్తున్నాము. పక్కన కూర్చున్న పాప చదివి, "మనం చెయ్యలేదు కదమ్మా, అమ్మమ్మ చేసింది కదా. మనం గంజి పెట్టాం అంతే" అంది. మా వారు నవ్వి, "చీటీ మీద ఒక్క ముక్కే పడుతుందిరా. అమ్మమ్మ కథంతా రాస్తామా?" అన్నారు. "అయితే అమ్మమ్మకి డబ్బులిచ్చారా?" అంది పాప. ఆ డబ్బు ముట్టలేదన్న సంగతి ఎప్పుడో మేమే దానికి చెప్పి ఉంటాము. మాకు ఎందుకో చెప్పలేనంత కోపం వచ్చింది. పాప మీద కేకలేశాము, మా వారి మీద కూడా. డబ్బా మూసేశాము. రెండు రాత్రులు దాని జోలికి పోలేదు.

కఠోపనిషత్తులో నచికేతుడి కథ మనందరికీ తెలుసు. తండ్రి యజ్ఞం చేసి, పాలు ఉడిగిపోయిన ముసలి ఆవుల్ని దానం ఇస్తుంటే చూడలేక పిల్లవాడు ప్రశ్న వేస్తాడు. తండ్రికి కోపం వస్తుంది. ఆ కోపం పిల్లవాడి ప్రశ్న తప్పైనందుకు కాదని, ఒప్పైనందుకేనని, చిన్నప్పుడు బడిలో విన్న ఆ కథ మాకు ఆ రెండు రాత్రుల్లో అర్థమయింది.

మొదట మాకు తోచిన ప్రశ్న ఇది. పోయినవారి వస్తువులు దాచుకోవాలా, వాడాలా? దీనికి జవాబు కష్టం కాదనిపించింది. నూలు దాస్తే నిలిచేది కాదు. పసుపు పచ్చబడుతుంది, పెళుసెక్కుతుంది. సూదులు తుప్పు పట్టి గుడ్డకు మరకలు చేస్తాయి. మూడేళ్ళలోనే రెండు పువ్వుల అంచుల్లో పచ్చదనం కనబడింది. అమ్మ గుండీలు దాచింది మళ్ళీ ఏదో చొక్కాకు కుట్టడానికే గాని, అలమారలో పెట్టి దణ్ణం పెట్టుకోవడానికి కాదు. దాచడం ప్రేమేనని మనం అనుకుంటాము గాని, అందులో కొంత భయం కూడా ఉంటుంది. డబ్బా తెరిస్తే అమ్మ నిజంగా పోయినట్టే అవుతుందన్న భయం అది. కనుక వాడటమే న్యాయం.

కాని పాప అడిగింది ఈ ప్రశ్న కాదు. ఒకరు చేసి, కూలి దక్కకుండా వదిలేసిన పనిని మరొకరు దానం చేస్తే, ఆ దాత ఎవరు? చేసినామెకు రూపాయి రాలేదు. ఇచ్చేవారికి మంచివారన్న పేరు వస్తుంది. తల్లి సొమ్ము బిడ్డదే కదా అని అనవచ్చు. సొమ్ము బిడ్డదే. కాని ఇది సొమ్ము కాదు, రావలసిన బాకీ. ఆ బాకీ పత్రాన్ని రంగు కాగితంలో చుట్టి, మా పేరు రాసి, పండగ కానుక అంటున్నాము.

భగవద్గీత 17వ అధ్యాయంలో దానం మూడు రకాలని ఉంది. ఇవ్వడం కర్తవ్యమని తలచి, తిరిగి ఉపకారం చేయలేనివారికి, తగిన చోట, తగిన కాలంలో ఇచ్చేది సాత్త్వికం. ప్రతిఫలం కోరి, లేదా మనసులో బాధపడుతూ ఇచ్చేది రాజసం. కానిచోట, కానివారికి, అవమానిస్తూ ఇచ్చేది తామసం. ఎంతో సూక్ష్మమైన విభజన. అయితే ఆ మూడు శ్లోకాలూ ఇచ్చేవారి మనసును, పుచ్చుకునేవారి అర్హతను, కాలాన్ని, స్థలాన్ని చూస్తాయి. ఇచ్చే వస్తువు ఎవరి చేతి నుంచి వచ్చిందన్న ప్రశ్న వాటిలో లేదు. గోవును దానం ఇచ్చేవాడి గురించి మనకు ఎన్నో కథలున్నాయి. ఆ గోవును మేపినవాడి కథ మాకు ఒక్కటీ గుర్తుకు రాలేదు.

దీని గురించి ఆలోచిస్తుంటే మా వృత్తిలోని సంగతి ఒకటి గుర్తుకు వచ్చింది. 1894లో ఫ్రాన్సు అధ్యక్షుడు సాది కార్నోను లియోన్ నగరంలో ఒకడు కత్తితో పొడిచాడు. కడుపులో పెద్ద సిర తెగింది. తెగిన రక్తనాళాన్ని అతికే విద్య అప్పటి శస్త్రవైద్యులకు లేదు. ఆయన చనిపోయాడు. ఆ ఊళ్ళోనే ఉన్న యువ వైద్యుడు అలెక్సీ కారెల్‌కు, గుడ్డలు అతుకుతున్నప్పుడు నాళాలు ఎందుకు అతకకూడదన్న పట్టుదల పుట్టింది. లియోన్ పట్టుకూ, కుట్టుపనికీ పేరుపడ్డ ఊరు. మదామ్ లెరూడియే అనే కుట్టుపని ఆవిడ దగ్గర ఆయన అతి సన్నని సూదితో, దారంతో కుట్టడం నేర్చుకున్నాడు. 1902లో రక్తనాళాలను అతికే పద్ధతిని ప్రకటించాడు. 1912లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఈనాడు అవయవ మార్పిడి జరిగే ప్రతి చోటా, గుండె ఆపరేషన్ జరిగే ప్రతి చోటా ఆ అతుకుపని ఉంది. కారెల్ పేరు వైద్య విద్యార్థులందరికీ తెలుసు. మదామ్ లెరూడియే పేరు ఎంతమందికి తెలుసు? మేము చదువుకున్నప్పుడు మాకెవరూ చెప్పలేదు. ఆ తరవాతెప్పుడో చదివి తెలుసుకున్నాము. ఆమె పేరు చెప్పినంత మాత్రాన కారెల్ గొప్ప తగ్గదు. చెప్పకపోతే మాత్రం ఏదో దొంగసొమ్ము దాచుకున్నట్టు ఉంటుంది.

మా ఊరి సంగతి పరదేశపు స్త్రీ ఒకామె పుస్తకంగా రాసింది. జర్మనీకి చెందిన సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ నరసాపురం లేసు పనివారి మీద రాసిన గ్రంథం 1982లో అచ్చయింది. ఆమె చెప్పిన ముఖ్య విషయం ఇది. గంటల తరబడి లేసు అల్లే ఆడవాళ్ళను అందరూ, వాళ్ళతో సహా, "ఇంట్లో కూర్చునే ఆడవాళ్ళు" అనే పిలుస్తారు. వాళ్ళు చేసేది తీరికవేళ కాలక్షేపం అంటారు. కాలక్షేపానికి కూలి ఎంతిస్తే ఏమిటి? ఆ ఒక్క మాట మూలాన ఎంత పని చేసినా అది పనిగా లెక్కకు రాలేదు. లాభం మాత్రం వ్యాపారంగానే లెక్కకు వచ్చింది. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు దక్కింది. సంతోషమే. ఊరికి పేరు వచ్చింది, ఊళ్ళో అల్లినవాళ్ళ పేరు రావడం ఇంకా మిగిలే ఉంది.

తీరిక అన్న మాట వింటే మాకు చురుక్కుమనేది ఇందుకే. ఒక చిన్న లెక్క వేశాము. అలాంటి పువ్వు ఒకటి అల్లడానికి చేయి తిరిగినవారికి ముప్పావు గంట పడుతుందని పిన్ని చెప్పింది. 64 పువ్వులకు 48 గంటలు. ఈ దేశంలో 1998 నాటి పనిగంటల నిబంధనల ప్రకారం డాక్టర్లతో సహా ఎవరితోనూ సగటున వారానికి 48 గంటలకు మించి పని చేయించకూడదు, వారే ఒప్పుకుంటే తప్ప. అంటే ఆ ప్లాస్టిక్ సంచిలో ఉన్నది ఈ దేశపు చట్టం ప్రకారం ఒక మనిషి నిండు వారం పని. ఒక్క వారం జీతం రాకపోతే మేమందరం ఎన్ని ఉత్తరాలు రాస్తామో, ఎంత గొడవ చేస్తామో పాఠకులు ఊహించుకోవచ్చు. మా అమ్మ రెండుసార్లు కబురు పెట్టి ఊరుకుంది.

అయితే ఏం చేయాలి? కానుకలు మానెయ్యాలా? మానేస్తే పువ్వులు మళ్ళీ మూటలోకి పోతాయి. అమ్మకు అంతకన్నా అన్యాయం మరొకటి లేదు. దారి చూపించింది మా వారు తెచ్చిన ఒక పుస్తకంలోని ముక్క. ఫ్రెంచి పండితుడు మార్సెల్ మాస్ 1925లో కానుకల గురించి రాసిన వ్యాసంలో న్యూజీలాండు మావోరీ జాతివారి నమ్మకం ఒకటి చెబుతాడు. నేను నీకు ఒక వస్తువు ఇస్తాను. నువ్వు దాన్ని మూడో మనిషికి ఇస్తావు. కొన్నాళ్ళకు ఆ మూడో మనిషి నీకు బదులుగా ఏదో ఇస్తాడు. అది నువ్వు ఉంచుకోకూడదు, నాకు తెచ్చి ఇవ్వాలి. ఎందుకంటే అందులో ఉన్నది నా వస్తువు ప్రాణం. ఉంచుకుంటే కీడు. ఆ నమ్మకంలోని దైవభాగం ఎలా ఉన్నా, న్యాయం మాత్రం స్పష్టంగా కనబడింది. చేతులు మారినంత మాత్రాన వస్తువు తన మొదటి చేతిని మరచిపోదు. మధ్యలో ఉన్నవారు దాతలు కారు, మోసుకుపోయేవారు. మనవాళ్ళు చెప్పే పితృఋణం కూడా కొంత ఇలాంటిదే. ఆ ఋణం తల్లిదండ్రులకు తిరిగి ఇచ్చి తీర్చేది కాదు, ముందుకు నడిపించి తీర్చేది. మాస్ చెప్పిన కథలో అదనంగా ఉన్నదేమిటంటే, ముందుకు నడిపించినదాని ఫలం వెనక్కి కూడా నడవాలి.

మూడో రాత్రి డబ్బా మళ్ళీ తెరిచాము. పాపకు క్షమాపణ చెప్పుకున్నాము. చీటీలు తిరగరాశాము. "ఈ పువ్వులు అల్లినది మా అమ్మ" అని రాసి, కింద అమ్మ పూర్తి పేరు, ఊరి పేరు రాశాము. "గంజి పెట్టినవారు" అని పాప తన పేరు రాసుకుంది. సంచి కుట్టినందుకు తన పేరు వద్దన్నారు మా వారు, కుట్టు చూస్తే తెలిసిపోతుందని. వార్డులో 14 మందికి, పాప పంతులమ్మకు, పక్కింటి ముసలావిడకు, మొత్తం 16 సంచులు సిద్ధమయ్యాయి. 48 పువ్వులు వెళ్ళిపోయాయి.

వార్డులో అందరూ మెచ్చుకున్నారని రాస్తే అబద్ధమవుతుంది. ఎక్కువమంది మర్యాదగా "ఎంత బాగున్నాయో" అని సంచిలో వేసుకున్నారు. ఒక సంచి జనవరి 2వ తేదీ దాకా టీ కాచుకునే గదిలో కెటిలు పక్కన అలాగే పడి ఉంది. ఎవరికిచ్చినదో మాకు తెలుసు, అడగలేదు. మొదట మనసు చివుక్కుమంది. తరవాత అనుకున్నాము, కానుకతోపాటు మెప్పు కూడా పుచ్చుకోమని బలవంతం చేస్తే అది గీత చెప్పిన రెండో రకమే అవుతుంది. పని దొడ్డదైనంత మాత్రాన పుచ్చుకునేవారు దాన్ని ప్రేమించి తీరాలన్న నియమం లేదు. చేత్తో చేసినదన్న గర్వం మనలో కూడా కొంత ఉంటుంది. అది తగ్గడం మంచిదే.

మా వార్డులో పడకలు సర్ది, రోగులకు స్నానాలు చేయించే సహాయకురాలు ఒకావిడ ఉంది. రిటైరు కావడానికి దగ్గరగా ఉన్న మనిషి. ఆవిడ మాత్రం పువ్వును తీసుకుని ముందు వెనక్కి తిప్పి చూసింది. పని తెలిసినవాళ్ళు ఎప్పుడూ వెనకవైపే చూస్తారు. "ముడి ఎక్కడ దాచిందో కనిపించడం లేదు. ఎంతసేపు పట్టి ఉంటుంది ఒక్కోటి?" అంది. ముప్పావు గంట అన్నాము. తలాడించి, తన తల్లి గుండీల డబ్బా గురించి చెప్పింది. యుద్ధకాలంలో ఈ దేశంలో 1941 జూన్ నుంచి 1949 మార్చి దాకా బట్టలకు రేషను ఉండేది. కూపన్లు ఉంటేనే గుడ్డ. చిరిగిన చొక్కా పారేసేముందు గుండీలు, హుక్కులు అన్నీ కోసి డబ్బాలో వేసుకునేవారు. అప్పుడు చిన్నపిల్లగా ఉన్న ఆవిడ తల్లి, రేషను పోయాక కూడా చచ్చేదాకా ఆ అలవాటు మానలేదట. "ఆ డబ్బా ఇప్పుడు నా దగ్గరే ఉంది. తెరవబుద్ధి కాదు" అంది. మేమేమీ సలహా చెప్పలేదు. చీటీ మీద అమ్మ పేరు ఎలా పలకాలో అడిగింది. రెండు మూడుసార్లు పలికించాము. మూడోసారి సరిగ్గా పలికింది. మా అమ్మ పేరు ఆ వార్డులో వినబడటం అదే మొదటిసారి. మేము ఏదో పని ఉన్నట్టు పక్కకు వెళ్ళవలసి వచ్చింది.

పండగనాటికి బదులు కానుకలు వచ్చాయి. ఒకరు ఇంట్లో చేసిన నారింజ జామ్ సీసా ఇచ్చారు, ఇంకొకరు మేజోళ్ళు, కొందరు చాక్లెట్లు, ఇద్దరు దుకాణం కూపన్లు. పాప అప్పటికే మావోరీ కథ విని ఉంది. "ఇవన్నీ అమ్మమ్మకి వెళ్ళాలి కదా" అంది. అమ్మమ్మ లేదు. ఆ అరుగు మీద అమ్మతోపాటు కూర్చుని అల్లినవాళ్ళు మాత్రం ఉన్నారు. పిన్నికి ఫోను చేసి, జరిగిందంతా చెప్పాము. చీటీల మీద అక్కయ్య పేరు రాశామంటే ఎంతో సంతోషిస్తుందనుకున్నాము.

పిన్ని అంతా విని, "పేరు రాయడం మంచిదేనే అమ్మాయ్. కాని పేరు చారులో వేసుకుని తింటామా? ఈసారి రేటు కూడా రాయండి" అంది.

మేము నీళ్ళు నమిలాము. అప్పుడు మాకు తెలిసింది, మేము ఇంతసేపూ మోస్తున్నది సగం న్యాయమేనని. పోయినవారికి ఇవ్వగలిగింది పేరొక్కటే. బతికి ఉన్నవారికి కూడా పేరొక్కటే ఇచ్చి చేతులు దులుపుకుంటే, ఆ ఏజెంటుకూ మనకూ తేడా ఏముంది? అతను పేరు లేకుండా ఎగ్గొట్టాడు, మేము పేరు రాసి ఎగ్గొడుతున్నాము. "సరే పిన్నీ, నీ రేటు ఎంతో నువ్వే చెప్పు" అన్నాము. పిన్నికి అది కొత్త. ఎప్పుడూ రేటు చెప్పేది ఏజెంటేగాని అల్లేవాళ్ళు కాదు. చాలాసేపు ఊరుకుంది. తరవాత ఎంతో మొహమాటపడుతూ ఒక అంకె చెప్పింది. అంత తక్కువ ఎందుకు చెప్పావని దెబ్బలాడి, గంటల లెక్కన ఒక ధరకు ఇద్దరమూ వచ్చాము. ఈ ఏడాది డిసెంబరుకు పిన్నీ, ఇంకా ఇద్దరు వదినలూ పువ్వులు అల్లి పంపుతారు. డబ్బు ముందే పంపాము. ప్రతి పువ్వుకూ ఎవరు అల్లారో ఆమె పేరు కట్టి పంపమన్నాము.

ఇక పరాయి పండగ అన్న మాట. పెద్దాయన ఏమీ అనుకోకపోతే ఒక్క సంగతి మనవి చేసుకుంటాము. మా వీధి అరుగుల మీద లేసు అల్లినవారిలో సగంమంది క్రైస్తవులే. డిసెంబరులో వాళ్ళ ఇళ్ళ మీద కాగితపు నక్షత్రాలు వెలిగేవి. గులాబీ పువ్వులూ, అరిసెలూ పళ్ళాల్లో మా ఇంటికి వచ్చేవి. సంక్రాంతికి మా అరిసెలు వాళ్ళ ఇంటికి వెళ్ళేవి. పళ్ళెం ఖాళీగా తిరిగి వెళ్ళకూడదని అమ్మ అందులో పిడికెడు పంచదార అయినా పోసి పంపేది. మేము ఇంగ్లండు వచ్చి కొత్తగా నేర్చుకున్నదేమీ లేదు. పళ్ళెం ఖాళీగా పంపకూడదన్న మాటే, ఇంత దూరం వచ్చి, ఇన్ని పుస్తకాలు తిరగేసి, మళ్ళీ తెలుసుకున్నాము.

గంజిలో చెడినవి నాలుగు, పంచినవి 48 పోగా అమ్మ పువ్వులు ఇంకా 12 మిగిలాయి. వాటిని ఎవరికీ ఇవ్వలేదు. అమ్మ ఎన్ని వేల పువ్వులు అల్లిందో గాని, అతికిన గుడ్డ ఒక్కటి కూడా తన ఇంట్లో పరుచుకోలేదు. ఆ పన్నెండింటినీ కలిపి ఒక చిన్న బల్లగుడ్డ చేద్దామని కూర్చున్నాము. ముప్పై దాటాక కొక్కెం పట్టుకోవడం కష్టంగానే ఉంది. పిన్ని ఫోనులో చూసి చెబుతుంటుంది, పాప పక్కన కూర్చుని తప్పులు పడుతుంటుంది. ఇప్పటికి అయిదు అతికాము. రెండు విప్పి మళ్ళీ అతకాలి.